చెంచయ్యగారి బ్యారన్‌లో రోబో సిద్ధాంతి

ఎడ్లూరిపాలెం నుంచి మెరక చేలకు పోయే డొంకలో చెంచయ్యగారి పొగాకు బ్యారన్ ఉంది. పగలు దాని నీడన గొర్రెలు పడుకుంటాయి. పొద్దుగూకితే మాత్రం ఆ దారిన మనిషి కనపడడు. ఎంత తొందర పనున్నా సరే, కాలవ కట్ట మీదుగా మైలు దూరం చుట్టు తిరిగి పోతారు తప్ప దాని ముందు నుంచి నడవరు.

ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు.

ఒకప్పుడు ఆ బ్యారన్‌లో పొయ్యి చూసే పని బుడే సాయిబుది. లోపల పొగాకు వేలాడదీసి కాలుస్తున్నన్ని రోజులూ రాత్రీపగలూ మంట ఒకే తీరున ఉండాలి. ఆ పొయ్యి ముందు సాయిబు ఒక్కడే కూర్చునేవాడు. మాట్లాడే మనిషి లేక ప్రాణం విసిగిపోయి, డొంకన ఎవరి అడుగుల చప్పుడు వినపడినా పలకరించేవాడు... "ఏరా, అన్నం తిన్నావా?" అని. లేదంటే తన సద్దిలో సగం పెట్టేవాడు. మాటల్లేని అన్నదమ్ముల్ని ఆ మంట ముందు చెరోపక్క కూర్చోబెట్టి మళ్ళీ మాట్లాడించేవాడని కూడా చెబుతారు.

ఒక చలికాలం తెల్లవారుజామున, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆ తర్వాత బ్యారన్ మూతపడింది. మూతపడిన రెండో ఏడు, సైకిలు షాపు సిలార్ రాత్రిపూట అటుగా వస్తుంటే — చీకట్లోంచి, మెల్లగా — "ఏరా సిలారూ... అన్నం తిన్నావా?"

సిలార్ సైకిలు అక్కడే పారేసి ఊళ్ళోకి వచ్చి పడ్డాడు. మూడు రోజులు జ్వరం కాసింది. ఆ సైకిలు తెచ్చుకోవడానికి పట్టపగలు నలుగుర్ని వెంటేసుకుని వెళ్ళాడు.

దెయ్యమంటే పీక పట్టుకోవాలి గానీ అన్నం తిన్నావా అని అడగడమేమిటని వేరే ఊళ్ళవాళ్ళు నవ్వేవారు. ఎడ్లూరిపాలెం వాళ్ళకి నవ్వు వచ్చేది కాదు. తినలేదంటే పెడుతుంది కదా, అది పెట్టింది ఎట్లా తినాలి అనేది వాళ్ళ భయం.

ఇక బుల్లయ్య సంగతి. ఇది రెండువేల మూడో సంవత్సరంలో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న మార్చి నెలలో జరిగింది.

బుల్లయ్య మాట మీద నిలబడే మనిషి. ఆ మాట తప్పయినా సరే, నిలబడేవాడే. పోయిన ఏడు పండుమిరప పచ్చడి దగ్గర పెళ్ళాం హనుమాయమ్మతో తగువొచ్చింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అంటే అసలు లేవని కాదు. మొదట్లో మధ్యన గేదె ఉండేది. "ఏమే గేదా, కంచంలో పెట్టాను, మీ అయ్యని తినమను," అనేది హనుమాయమ్మ. "ఉప్పు ఎక్కువైందని మీ అమ్మకి చెప్పవే," అనేవాడు బుల్లయ్య. గేదె ఇద్దరి మాటా వినేది, ఎవరి పక్షమూ వహించేది కాదు. ఆ విధంగా ఇల్లు సజావుగానే నడిచింది.

దీపావళి దాటాక కూతురు కోటేశ్వరి పసిపిల్లాడితో అత్తారింటికి వెళ్తుంటే, పాలకి ఉంటుందని గేదెను వెంట తోలారు. ఆ రోజుతో ఇల్లు మూగబోయింది. కోడిపెట్టతో చెబుదామంటే అది ఒకచోట నిలబడదు. బుల్లయ్యకి లోపల దిగులుగానే ఉండేది. అయితే ముందు తను మాట్లాడితే ఓడిపోయినట్టే కదా అని పళ్ళ బిగువున ఊరుకున్నాడు.

కల్లం దగ్గర కాపలాకి రాత్రిళ్ళు బుల్లయ్యే పడుకునేవాడు. హనుమాయమ్మ ఏడున్నరకల్లా క్యారియరు తెచ్చి, మంచం పక్కన పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఆమె ఏ దారిన వస్తోందో, ఏ దారిన పోతోందో బుల్లయ్య ఎప్పుడూ అడగలేదు. ఎట్లా అడుగుతాడు, మాటల్లేవుగా.

ఆ సోమవారం రాత్రి ఎనిమిదవుతుండగా ఉత్తరాన మెరిసింది. చల్లటి గాలి ఒకటి కాయల మీదుగా వీచింది.

బుల్లయ్య మంచం మీంచి లేచాడు. కల్లంలో ఏడాది పంట ఉంది. కప్పడానికి ఉన్న పట్టా సగానికే వస్తుంది, రెండోది ఇంటి దగ్గర అటక మీద ఉంది. కాలవ కట్ట మీదుగా వెళ్ళొచ్చేసరికి వాన ముంచేస్తుంది.

ఇక మిగిలింది డొంక దారి.

టార్చిలైటు తీసుకుని, ఆంజనేయస్వామిని తలుచుకుని, బయల్దేరాడు. బ్యారన్ ఇంకా యాభై అడుగులుందనగా లైటు ఆర్పేశాడు — వెలుతురు చూసి పలకరిస్తుందేమోనని. చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ నడిచాడు.

పది అడుగులు...

ఇరవై...

తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు కనపడింది. వెంటనే పచ్చది. మళ్ళీ ఎర్రది.

బుల్లయ్య అక్కడే ఆగిపోయాడు.

లోపల్నుంచి ఆడగొంతు — గుసగుసగా — "ఆఁ... తిన్నా."

తిన్నదా! ఎవర్ని తిన్నది?

చంకలోని చెప్పులు జారి కింద పడ్డాయి. వంగి తీసుకునే ధైర్యం లేదు. ఆ గొంతు మళ్ళీ మొదలైంది. "ఆయనకి పెట్టొచ్చానండీ. తింటాడు. నేను పెట్టింది తింటూనే ఉంటాడు... బాగుందని అనడు, అంతే."

బుల్లయ్య చెవులు రిక్కించాడు. ఎక్కడో విన్న గొంతు. బాగా తెలిసిన గొంతు. గేదెను తోలేసిన దగ్గర్నుంచీ పట్టుమని పది మాటలు విననందుకు చటుక్కున గుర్తు రాలేదు గానీ...

తలుపు సందుకి కన్ను ఆనించాడు.

బోర్లించిన గంప మీద హనుమాయమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా, ఆమె భుజమంత ఎత్తున, వెండిరంగు పూసిన రేకు మనిషి. కళ్ళల్లో ఎర్రబల్బులు, రొమ్ము మీద వరసలుగా రంగుబల్బులు, పొట్ట మీద పెద్ద అక్షరాలతో 'రోబో సిద్ధాంతి'. దాని నడుం నుంచి వచ్చిన తీగకున్న హెడ్‌ఫోన్ ఆమె చెవులకి ఉంది.

బుల్లయ్యకి ఆ రేకు మనిషి తెలుసు. శివరాత్రి తిరనాళ్ళలో ఖాదర్ వలి అనే ఆయన దాన్ని నిలబెట్టి జాతకాలు చెప్పించాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవిలో మాట్లాడుతుంది. మొదటి గంట జనం దూరం నుంచి చూశారు. రెండో గంటకి వరస కట్టారు. పొద్దుపోయేసరికి ముసలమ్మలు చెప్పులు విప్పి దాని రేకు కాళ్ళకి దణ్ణం పెట్టడం మొదలెట్టారు. దాన్ని నువ్వు అనాలా మీరు అనాలా అని పెద్దలు కాసేపు వాదులాడుకుని, భవిష్యత్తు చెప్పేవాళ్ళని నువ్వు అనకూడదు, మీరే అని తేల్చారు. బుల్లయ్య కూడా చెవికి పెట్టించుకున్నాడు. "మీ గృహంలో శాంతి నెలకొంటుంది," అంది అది. ఆల్రెడీ చచ్చేంత శాంతిగా ఉంది లేవయ్యా అని విసుక్కుంటూ వచ్చేశాడు.

ఆ బొమ్మ ఇక్కడికెట్లా వచ్చింది? అనుకునేలోపే హనుమాయమ్మ మళ్ళీ అందుకుంది.

"శుక్రవారం లారీ వస్తుందండీ. కల్లం ఎత్తేస్తాం. బస్తాలు లారీ ఎక్కగానే నేనూ బస్సెక్కుతా. వేటపాలెంలో మా తమ్ముడు కోటేషు జీడిపప్పు పనిలో పెట్టిస్తానన్నాడు. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు, మీరు తప్ప?"

కాసేపు ఆగింది. తల ఊపింది — ఎవరో చెప్పేది వింటున్నట్టు.

"లేదండీ," అంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుని. "ఇక రాను."

బుల్లయ్య చప్పుడు చేయకుండా వెనక్కి జరిగాడు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. పట్టా సంగతి మర్చిపోయి కల్లానికే వచ్చేశాడు. అదృష్టం కొద్దీ వాన నాలుగు చినుకులతో సరిపెట్టుకుంది. రాత్రంతా మంచం మీద వెల్లకిలా పడుకుని, ఇల్లంటే హనుమాయమ్మే కదా, ఆమె పోతే ఇంక నాకు మిగిలేదేముంది అనుకున్నాడు. అనుకుని ఏడ్చాడు కూడా. ఆ మాట దాచుకోలేదు, తర్వాత తనే అందరికీ చెప్పాడు.

పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఆరా తీస్తే సంగతి తెలిసింది. మొన్న శుక్రవారం ఖాదర్ వలి పక్క ఊళ్ళో అమ్మవారి కొలుపులకి పోతుంటే బ్యారన్ ముందు ఆటో ఇరుసు విరిగింది. బొమ్మని లోపల పెట్టి, చేల నుంచి వస్తున్న హనుమాయమ్మని కాస్త కనిపెట్టి ఉండమని చెప్పి, ఆటోని ట్రాక్టరుకి కట్టించి బాగుచేయించడానికి గుంటూరు తీసుకుపోయాడు. కనిపెట్టడానికి వెళ్ళిన మనిషి దానితో కష్టసుఖాలు చెప్పుకోవడం మొదలెట్టిందన్నమాట.

బుల్లయ్యకి ఒక ఆలోచన తట్టింది. పెళ్ళాంతో ముందు తను మాట్లాడితే ఓటమి. రేకు బొమ్మ మాట్లాడితే ఓటమి ఎట్లా అవుతుంది? గేదె చేసిన పనే కదా అది!

మంగళవారం రాత్రి ఆమె క్యారియరు పెట్టి వెనుదిరగ్గానే, అడ్డంగా చేలల్లో పడి పరిగెత్తి, ఆమె కంటే ముందే బ్యారన్‌లో దూరాడు. చంకలో అడుగు ఊడదీసిన డాల్డా డబ్బా ఉంది. బొమ్మ మీట నొక్కి బల్బులు వెలిగించాడు. హెడ్‌ఫోన్ తన చెవికి పెట్టుకుని చూశాడు. ఏమీ వినపడలేదు. ఆడవాళ్ళకే చెబుతుందేమో అనుకుని, దాని వెనక నక్కి కూర్చున్నాడు.

హనుమాయమ్మ వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

"నమస్కారం..." అన్నాడు బుల్లయ్య, డబ్బాలోంచి, ముక్కుతో.

ఆమె ఉలిక్కిపడింది. చెవుల దగ్గర సర్దుకుంది. బొమ్మ వెనక్కి తొంగి చూడబోయి, ఎందుకో మానేసింది.

"గొంతు మారిందేంటండీ?"

బుల్లయ్య డబ్బాని మూతికి దగ్గరగా జరుపుకున్నాడు. "జలుబు," అన్నాడు.

"మీకూ చేస్తుందా?"

"మంచు... రేకు మీద పడితే చేస్తుంది."

బల్బులు టిక్కు టిక్కుమంటూ వెలిగి ఆరుతున్నాయి.

"మీ ఆయన చాలా మంచివాడు," అంది బొమ్మ.

"ఎవరు చెప్పారు?"

"మిషన్‌లో పడింది."

"ఇంకోసారి చూడండి. తప్పు పడుంటుంది," అని, లేచి వెళ్ళిపోయింది.

బుధవారం బుల్లయ్య జాగ్రత్తగా మొదలెట్టాడు. పొగడ్తలు మానేశాడు. "నీ కష్టమేంటో చెప్పు," అని మాత్రం అడిగాడు. హనుమాయమ్మ తల దించుకుని చెప్పింది. ఆ పచ్చడి కోసం రెండు రోజులు పండుమిరపకాయలు తొడిమ తీసి రోట్లో తొక్కింది. చేతులు నిప్పులో పెట్టినట్టు మండాయి. మూడు రాత్రులు మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చుంది. తీరా తమ్ముడు వచ్చినప్పుడు విస్తట్లో వేస్తే, మొగుడు నలుగురిలో "చప్పగా ఉంది, ఇదేం పచ్చడి" అన్నాడు.

"పచ్చడికి కాదండీ," అంది. "నా చేతులకి బాధేసింది."

ఆ మజ్జిగ గిన్నె బుల్లయ్య ఆ రోజుల్లోనే చూశాడు. ఎందుకని మాత్రం అడగలేదు. ఆమె లేచి వెళ్ళేదాకా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

గురువారం. ఇదే ఆఖరి రాత్రి. తెల్లారితే లారీ.

హనుమాయమ్మ కూర్చోగానే డబ్బా పలికింది. "ఆ పచ్చడి... చప్పగా లేదు."

"మరి?"

"బ్రహ్మాండంగా ఉంది. నీ తమ్ముడు కోటేషు మూడుసార్లు వేయించుకున్నాడు. జాడీ మొత్తం వేటపాలెం పట్టుకుపోతానన్నాడు. మిషన్‌కి... అంటే, మీ ఆయనకి ప్రాణం పోయినంత పనైంది. బాగోలేదంటే జాడీ వదిలేసి పోతాడని, చప్పగా ఉందన్నాడు. అది నిజమనుకుని నువ్వు అలిగావు. ఆ మాట చెబుదామంటే... ముందు నువ్వు మాట్లాడితే చెబుదామని..."

"పదకొండు నెలలా!"

"మిషన్‌కి బుద్ధి లేదు," అంది డబ్బా.

హనుమాయమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని బుల్లయ్య కంగారుపడి తొంగి చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి.

"ఏవయ్యా, ఇటు రా ఇక. ఆ డాల్డా డబ్బా ఇంట్లో కనపడక మూడు రోజుల్నుంచి వెతుకుతున్నా."

బుల్లయ్య బొమ్మ వెనక నుంచి బయటికొచ్చాడు. జుట్టు నిండా బూజు.

"వేటపాలెం..." అన్నాడు, నేల చూస్తూ.

"పోను. ఆ జాడీ ఖాళీ అయింది. మళ్ళీ తొక్కాలిగా."

"ఈసారి రోలు దగ్గర నేను కూర్చుంటానే."

ఇద్దరూ కల్లానికి నడిచారు. క్యారియరు విప్పుకుని, పదకొండు నెలల తర్వాత, ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు.

శుక్రవారం పొద్దు వాలేవేళకి బస్తాలు లారీ ఎక్కాయి. ఖాదర్ వలి కూడా ఇరుసు వేయించుకున్న ఆటోతో దిగాడు. మొగుడూ పెళ్ళాం కబుర్లాడుకుంటూ అతనితో పాటు బ్యారన్‌లోకి వెళ్ళారు.

"చాలా సాయం చేశారమ్మా," అంటూ ఖాదర్ వలి బొమ్మ పొట్ట మీది రేకు విప్పాడు. లోపల ఖాళీగా ఉంది. గుడ్డసంచిలోంచి ఒక టేపురికార్డరు తీశాడు. "దీని నోరు ఇదే అన్నా. ఇరుసుతో పాటు ఇదీ చెడింది. వారం నుంచీ గుంటూరు బ్రాడీపేటలో రిపేరు కొట్టులో పడుంది. ఇది లేకపోతే బొమ్మ మూగదే. బల్బులు మాత్రం వెలుగుతాయి."

బుల్లయ్య పకపకా నవ్వాడు. "విన్నావుటే! అంతా నేనే మాట్లాడా."

"తెలుసులేవయ్యా," అంది హనుమాయమ్మ, తనూ నవ్వుతూ. "మొదట్నుంచీ నువ్వేనని ఎప్పుడో తెలుసు. ఒక్కటే అర్థం కాలేదు. ముందు మూడు రోజులూ చక్కగా చెవిలోనే మెల్లగా మాట్లాడావు కదా... మంగళవారం నుంచి వెనక కూర్చుని ఆ డబ్బా ఎందుకు పట్టావు?"

బుల్లయ్య నవ్వు ఆగింది.

"ముందు మూడు రోజులేంటే?"

"శని, ఆది, సోమ."

"నేను వచ్చిందే మంగళవారం..."

ఖాదర్ వలి చేతిలోని స్క్రూడ్రైవరు కదలడం మానేసింది. అతను మెల్లగా హెడ్‌ఫోన్ అందుకుని, దాని తీగ వేళ్ళ మధ్య నుంచి జార్చుకుంటూ, బొమ్మ నడుం సందులోకి చెయ్యి పెట్టి, కొస బయటికి లాగాడు. ఆ కొస దేనికీ తగిలించి లేదు.

"పోయిన శుక్రవారమే పీకేశానమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

బయట చీకటి పడుతోంది. మూలన, బుడే సాయిబు పొయ్యి నోరు నల్లగా తెరుచుకుని ఉంది.

"ఏమనేది నీతో?" అన్నాడు బుల్లయ్య, పెదవులు కదిలీ కదలకుండా.

"ఎక్కువేం లేదు... నేను చెప్పేదానికి ఊఁ కొట్టేది. కూర్చోగానే మాత్రం రోజూ అడిగేది..."

"ఏమని?"

"అన్నం తిన్నావా తల్లీ... అని."

ఖాదర్ వలి బొమ్మని భుజాన వేసుకుని ఒక్క అంగలో ఆటో ఎక్కించాడు. టేపు ఇంటికెళ్ళాక బిగించుకుంటానని వెనక్కి చూడకుండానే చెప్పి పోయాడు. బుల్లయ్య పెళ్ళాం చెయ్యి గట్టిగా పట్టుకుని డొంకన పడ్డాడు. సోమవారం నాడు పడేసిన చెప్పులు దారి పక్కనే ఉన్నా తీసుకోలేదు.

యాభై అడుగులు నడిచాక ఎందుకో ఆగాడు. వెనక్కి తిరగలేదు. గొంతు సవరించుకుని, చీకట్లోకి గట్టిగా కేకేశాడు —

"తిన్నాం సాయిబూ! ఇద్దరం కలిసే తిన్నాం!"